1972లో ఆగిపోయిన లెక్క

తెలంగాణ కులగణన లెక్కలు బయటికొచ్చిన వారం, అంటే 2025 ఫిబ్రవరి మొదట్లో, మా ఆఫీసు కాల్ ఒకటి పని పక్కనపెట్టి ఆ గొడవలో పడింది. టీమ్‌లో ఒకాయన గట్టిగా చెప్పాడు: "అసలు అడగడమే తప్పు. అడిగేకొద్దీ కులం బలపడుతుంది. అడగడం మానేస్తే రెండు తరాల్లో అదే పోతుంది." ఈ మాట మనకు కొత్తేం కాదు. పెళ్లిళ్లలో, రైళ్లలో, టీవీ చర్చల్లో విని విని అరిగిపోయిన మాటే. మారిషస్‌లోని ఎబెన్ నుంచి కాల్‌లో ఉన్న సహోద్యోగి మాత్రం నవ్వేశాడు. "మా దేశంలో మానేశాం. నేను పుట్టకముందే మానేశాం. ఒకసారి వచ్చి చూడండి, ఎంత పోయిందో!"

ఆయన తెలుగు మూలాలున్న మారిషియన్. పూర్వీకులు కోరంగి రేవు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కినవాళ్లు. ఆయనకు తెలుగులో నాలుగు మాటలు కూడబలుక్కుని మాట్లాడటం కష్టం గానీ, రామభజనం రోజున పాడే పాటలు మాత్రం నోటికొచ్చు. సింహాద్రి అప్పన్న పూజ మన వైపు వాళ్లకంటే శ్రద్ధగా చేస్తారు వాళ్లింట్లో. ఆ నవ్వు విన్నాక ఊరుకోలేక ఆ దేశపు జనాభా లెక్కల వెంట పడ్డాను. చదివేకొద్దీ అది మన గొడవే అనిపించింది, పేర్లు మాత్రమే వేరు.

మనుషుల్ని వర్గాలవారీగా లెక్కపెడితే ఆ వర్గాలు ముదురుతాయన్న వాదనలో పస లేదని ఇప్పుడు నా అభిప్రాయం. అంతకన్నా చెడ్డది, ఒకప్పటి లెక్కను పట్టుకుని, మళ్లీ లెక్కించకుండా, దాని మీదే పంపకాలు సాగించడం. మారిషస్ చేస్తున్నది అదే. కాస్త తేడాతో మనమూ అదే చేస్తున్నాం.

నాలుగు గడులు

మారిషస్ పార్లమెంటుకు ప్రజలు నేరుగా 62 మందిని ఎన్నుకుంటారు. ప్రధాన ద్వీపంలోని 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి, రోడ్రిగ్స్ దీవి నుంచి ఇద్దరు. ఆ తర్వాత ఎన్నికల అధికారులు ఇంకో 8 సీట్ల వరకు పంచుతారు, ఓడిపోయిన అభ్యర్థులకు. దీన్ని 'బెస్ట్ లూజర్' పద్ధతి అంటారు. ఏ వర్గానికి జనాభాకు తగ్గట్టు సీట్లు రాలేదో చూసి, ఆ వర్గం నుంచి ఓడినవాళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లను లోపలికి తీసుకుంటారు. 1966లో బాన్వెల్ కమిషన్ సిఫార్సుల మీద, స్వాతంత్ర్యానికి ముందటి భయాల మధ్య పుట్టింది ఈ ఏర్పాటు. ఆ భయాలు ఉత్తవి కావు. 1967 ఎన్నికల్లో నూటికి నలభై మందికి పైగా స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా ఉన్న పార్టీకి ఓటేశారు. 1968 మార్చి 12న జెండా ఎగరడానికి కొద్ది వారాల ముందు రాజధాని పోర్ట్ లూయీలో ముస్లింలకూ, బానిసల వారసులైన క్రియోల్‌లకూ మధ్య నెత్తురు పారింది.

రాజ్యాంగం గుర్తించిన వర్గాలు నాలుగు. హిందువులు, ముస్లింలు, చైనా మూలాలున్నవారు అని మూడు పేర్లు చెప్పి, జీవన విధానాన్ని బట్టి ఈ మూడింట్లో దేనికీ చెందనట్టు కనిపించేవాళ్లందరినీ 'జనరల్ పాపులేషన్' అనే నాలుగో గడిలో వేశారు. గడి అనడం కన్నా మిగిలినవాళ్లను వేసే బుట్ట అంటే సరిపోతుంది. చెరకు ఎస్టేట్లున్న ఫ్రెంచి మూలాల తెల్ల కుటుంబమూ, 1835లో బానిసత్వం రద్దయ్యేదాకా ఆ ఎస్టేట్లలోనే చాకిరీ చేసినవాళ్ల వారసులూ అందులో పక్కపక్కనే ఉంటారు. మరి మనవాళ్లు? తెలుగువాళ్లు, తమిళులు, మరాఠీలు అందరూ హిందువుల గడిలోనే.

మొదట్లో ఈ సీట్లను ఎప్పటికప్పుడు తాజా జనగణన చూసి పంచాలనుకున్నారు. 1972 జనగణనలో వర్గం అడిగారు. 1982లో 'ఒకే ప్రజ, ఒకే జాతి' అనే నినాదంతో గెలిచిన కూటమి, జనగణనలో ఆ ప్రశ్నను తీసేసింది. మంచి ఉద్దేశమే. అయితే 8 సీట్లను మాత్రం ముట్టుకోలేదు. మరి ఏ లెక్క చూసి పంచాలి? రాజ్యాంగంలో 1972 లెక్కే ఇక మీదట చెల్లుతుందని రాసుకున్నారు. అందువల్ల 2024 నవంబర్ ఎన్నికల్లో అదనపు సీట్లు ఎవరికి అన్నది తేల్చింది, యాభై రెండేళ్ల కిందటి జనాభా.

అప్పుడు ఆ దేశంలో ఉన్నది సుమారు 8.5 లక్షల మంది, పిల్లలే పిల్లలు. 2022 నాటికి 12.3 లక్షలు దాటారు. అరవై దాటినవాళ్లు దాదాపు ఐదో వంతు. 1960ల మొదట్లో ఒక్కో తల్లికి సగటున ఆరుగురు పిల్లలు పుట్టిన చోట ఇప్పుడు ఇద్దరు కూడా లేరు. 1961లో బ్రిటిష్ నిపుణులు ఈ దీవి జనం బరువుకే మునిగిపోతుందన్నట్టు నివేదికలు రాశారు. ఇప్పుడు అదే దీవి ఫ్యాక్టరీలు నడవడానికి బంగ్లాదేశ్ నుంచి, నేపాల్ నుంచి, మడగాస్కర్ నుంచి మనుషుల్ని తెచ్చుకుంటోంది. అన్నీ మారాయి, లెక్క తప్ప.

ఈ నాలుగు గడులూ నచ్చనివాళ్లు లేకపోలేదు. లలిత్ అనే వామపక్ష పార్టీ అభ్యర్థులు నామినేషన్ పత్రంలో వర్గం రాయక తప్పదని తేలినప్పుడు చీటీలు వేసి, ఏ చీటీ వస్తే ఆ వర్గం రాసుకున్నారు. ఇది చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇంకో పార్టీవాళ్లు అసలు రాయనే రాయమని, నామినేషన్లు పోగొట్టుకుని, ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో కమిటీ వాళ్లవైపే చెప్పింది. కమిటీ అన్నదాన్ని నా మాటల్లో చెప్పాలంటే, ఆ లెక్కను తాజా చేయకుండా, వర్గం రాయలేదన్న ఒక్క కారణానికి మనిషిని పోటీ చేయనీయకపోవడం కుదరదు. 2014 ఎన్నికలకు మాత్రం వెసులుబాటు ఇస్తూ తాత్కాలిక చట్టం చేశారు. 2019లో మళ్లీ మొదటికే.

అడగకుండానే అడగడం

సరే, జనగణన ఫారంలో ప్రశ్న తీసేశారు. నలభై ఏళ్లలో ఏం తగ్గింది?

ముందుగా ఆ ఫారం సంగతే చూద్దాం. వర్గం అడగరు గానీ మతం అడుగుతారు, ఖాళీ ఇచ్చి మీరే రాసుకోమంటారు. ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు. 2011లోనైతే పూర్వీకుల భాష కూడా అడిగారు. ఈ సమాధానాలు కలుపుకుంటే ఎవరు ఏమిటో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఆ మతం పట్టికల్లో ఒక వింత కనబడుతుంది. హిందూ శాఖల వరుసలో తమిళం, తెలుగు, మరాఠీ కూడా ఉంటాయి. అవును, మతం ఏమిటంటే 'తెలుగు' అని రాసినవాళ్లు వేలల్లో ఉన్నారు. మా సహోద్యోగి చిన్నప్పుడు జనగణన రోజుల్లో సంఘం పెద్దలు ఇంటికొచ్చి, "మతం దగ్గర తెలుగు అని రాయండి, లేకపోతే మనం లెక్కలోకే రాం" అని చెప్పి వెళ్లడం ఆయనకు గుర్తుంది. వాళ్ల నాన్న అలాగే రాశాడట. రాజ్యాంగం మనవాళ్లను పెద్ద గడిలో కలిపేసింది కాబట్టి, ఉన్నామని చెప్పుకోవడానికి వేరే కంత వెతుక్కున్నారు. తప్పుపట్టలేను.

బడికెళ్లే పిల్లాడి దగ్గరికి వద్దాం. ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు, ఫ్రెంచి కాకుండా మూడో భాష ఒకటి తీసుకోవచ్చు. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, అరబిక్, చైనీస్. 2012 నుంచి ఆ వరుసలో క్రియోల్ భాష కూడా చేరింది. 2022 జనగణనలో పదింట తొమ్మిది మంది ఇళ్లలో మాట్లాడేది ఆ క్రియోలే. అయినా తెలుగు పిల్లాడిని తెలుగు క్లాసుకు పంపాలి, ముస్లిం పిల్లాడిని ఉర్దూకో అరబిక్‌కో పంపాలి. ఆ పీరియడ్ రాగానే పిల్లలు లేచి ఎవరి గదికి వాళ్లు వెళ్తారు. "మా క్లాసులో ఎవడెవడో నాకు ఆరేళ్లకే తెలుసు," అన్నాడు మా సహోద్యోగి. ప్రభుత్వం పెద్దవాళ్లను అడగడం మానేసి పిల్లల్ని అడుగుతోందన్నమాట. పైగా రోజూ.

సెలవుల సంగతీ అంతే. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. కావడి పండగ, వినాయక చవితి, చైనా కొత్త సంవత్సరం, ఈద్ అన్నింటికీ సెలవే. కేథలిక్కులకు ఆగస్టులో ఒకటి, నవంబర్‌లో ఒకటి పండగలున్నాయి, ఒక ఏడు దీనికి, మరుసటి ఏడు దానికి వంతులవారీగా ఇస్తారు. ఇంత తూకం వేసి పంచే దేశంలో వర్గాలు మాయమవుతాయని ఎవరు నమ్ముతారు?

నోట్ల గొడవ మరీ విచిత్రం. మారిషస్ కరెన్సీ మీద ఇంగ్లీషు, ఆ కింద తమిళం, హిందీ ఉంటాయి. 1998లో కొత్త నోట్లు అచ్చేసినప్పుడు హిందీని తమిళం పైకి తెచ్చారు. దీవికి ముందొచ్చింది మేమంటూ తమిళులు రోడ్డెక్కారు. అచ్చయిన నోట్లను వెనక్కి తీసుకుని, పాత వరుసలో మళ్లీ అచ్చేశారు. జనగణనలో వర్గం అడగడం మానేసిన పదహారేళ్ల తర్వాతి ముచ్చట ఇది.

ప్రధానమంత్రుల వరుసా అదే చెబుతుంది. 1968 నుంచి ఆ కుర్చీ రామ్‌గులామ్, జగన్నాథ్ కుటుంబాల మధ్యే తిరిగింది. మధ్యలో 2003 నుంచి 2005 దాకా పోల్ బెరాంజే ఒక్కడే బయటివాడు. ఎవరిది ఏ కులమో అక్కడ టీ కొట్టు దగ్గర కూడా చెబుతారట. ప్రభుత్వ కాగితంలో ఉండదంతే.

లెక్క లేకపోతే ఎవరికి నష్టం

ఇక్కడే నాకు అసలు అభ్యంతరం. అడగకపోవడం అందరికీ సమానంగా నొప్పి పెట్టదు.

క్రియోల్‌ల సంగతి చూడండి. బానిసల వారసులు. 1999 ఫిబ్రవరిలో కయా అనే గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే దేశం రోజుల తరబడి అట్టుడికింది. ఆ మంట ఒక్క చావుతో పుట్టింది కాదని అప్పుడు అందరూ ఒప్పుకున్నారు. తర్వాత సత్యం, న్యాయం కోసమని కమిషన్ వేశారు. బానిసత్వం, ఒప్పంద కూలీల చరిత్ర తవ్వి, భూములు ఎలా పోయాయో రాసి, 2011లో అది నివేదిక ఇచ్చింది. బాగుంది. కానీ ఈరోజు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రియోల్‌లు ఎంతమంది, జైళ్లలో ఎంతమంది, ఇంజనీరింగ్ సీట్లలో ఎంతమంది అని అడిగితే? అధికారికంగా వాళ్లు లేనే లేరు. ఉన్నది 'జనరల్ పాపులేషన్', అదీ 1972 నాటిది, అందులో ఎస్టేటు యజమానులు కూడా కలిసే ఉన్నారు. సగటు తీస్తే ఎవరి బాధా కనబడదు.

పెద్ద వర్గానికి లెక్క అక్కర్లేదు. తామెంతో వాళ్లకు తెలుసు, మంత్రివర్గం చూస్తే చాలు. చిన్నవాడికే కాగితం కావాలి.

మా అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే చూశాను. 2024 నవంబర్‌లో సర్వేకు వచ్చింది ఒక ప్రభుత్వ బడి టీచరమ్మ. భుజాన సంచీ, చేతిలో ఫారాల కట్ట, మెట్లెక్కి ఆయాసపడుతోంది. ఎదురింటి ఆంటీ గుమ్మంలోనే ఆపేసింది. "కులం మీకెందుకమ్మా? ఇదేం కాలం? నేను చెప్పను." ఆ మేడం మారు మాట్లాడకుండా ఏదో రాసుకుని పైకి వెళ్లింది. మా వాచ్‌మన్ మాత్రం భార్యను పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఉపకులంతో సహా రాయించాడు, సరిగా రాశారా లేదా అని రెండోసారి చదివించుకున్నాడు. ఫలితాలు వచ్చిన రోజు వాట్సాప్ గ్రూపులో మొదటి ప్రశ్న ఎవరిదనుకున్నారు? ఆంటీదే. "ఓసీలు ఎంత శాతం తేలారు? తగ్గించి చూపించారా?"

ఆ సర్వేలో 3 శాతానికి పైగా జనం లెక్కలోకి రాలేదని ప్రభుత్వమే చెప్పి, మళ్లీ కొన్ని రోజులు అవకాశం ఇచ్చింది. తలుపు వేసుకున్నవాళ్లందరూ కులం లేనివాళ్లని నేను అనుకోవడం లేదు.

మరి ప్రశాంతత మాటేమిటి?

మారిషస్ పద్ధతిని సమర్థించేవాళ్ల వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. 1968లో ఆ దేశం ఎన్నాళ్లు నిలుస్తుందో అని అనుమానపడ్డవాళ్లు చాలామంది. ఇవాళ ఆఫ్రికాలో పద్ధతిగా ఎన్నికలు జరిగే దేశాల్లో అదొకటి. ముస్లింలు, చైనా మూలాలవాళ్లు పార్లమెంటులో ఎప్పుడూ కనబడుతూనే ఉన్నారు. అంతేకాదు, అక్కడి ఎన్నికలు ఒక్కోసారి పూర్తిగా ఒక పక్కకే ఒరిగిపోతాయి. 1982లో, 1995లో, మళ్లీ 2024లో ప్రధాన ద్వీపంలోని 60కి 60 సీట్లూ ఒకే కూటమికి వెళ్లాయి. అలాంటప్పుడు ప్రతిపక్షం అంటూ మిగిలింది ఈ బెస్ట్ లూజర్ సీట్ల వల్లే. 2024 తర్వాత ప్రతిపక్ష నాయకుడైన జో లెజోన్‌గార్ లోపలికొచ్చింది ఈ దారిలోనే.

"మళ్లీ లెక్కపెడితే కొట్లాట మొదలవుతుంది," అన్నది వాళ్ల భయం. లెబనాన్ 1932 తర్వాత జనగణనే చేయలేదు, ఇదే భయంతో. దాంతో అక్కడ శాంతి దొరికిందా అని అడగొచ్చు. కానీ చేసి ఉంటే ఏమయ్యేదో ఎవరం చెప్పలేం. ఈ ఒక్కచోట నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఇంకో ఇబ్బంది ఉంది, అది మన ఇంట్లోదే. లోక్‌సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్క మీద ఆగిపోయింది. 1976లో బిగించారు, 2001లో మళ్లీ పొడిగించారు, 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా. మారిషస్ లెక్క ఆగిన ఏడాదికి ఒక్క ఏడాది ముందు! ఆ బిగింపు వల్ల లాభపడింది ఎవరు? మనమే. పిల్లల్ని తగ్గించుకున్న దక్షిణాది రాష్ట్రాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు తల్లికి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. మొన్నటిదాకా ఇద్దరు దాటితే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న ప్రభుత్వమే 2024లో ఆ నిబంధన ఎత్తేసి, ఎక్కువమందిని కనండి అంటోంది. కొత్త లెక్కతో సీట్లు పంచితే మన 25, మన 17 అలాగే ఉండి, ఉత్తరాది సీట్లు పెరిగిపోతే ఏమిటన్నది నిజమైన టెన్షనే. మారిషస్‌లో పాత లెక్క అన్యాయం అంటూనే ఇక్కడ పాత లెక్క ముద్దు అంటే ఎవరైనా నవ్వుతారు.

అందుకని చాలా ఆలోచించాను. లెక్క వేరు, పంపకం వేరు. లెక్క ఎప్పుడూ తాజాగా ఉండాలి. పంపకం ఎలా అన్నది కూర్చుని, పోట్లాడి, బేరమాడి తేల్చుకోవాలి. జనాభా తగ్గించుకున్నవాడికి శిక్ష పడకూడదంటే ఆ మాట సూత్రంలోనే రాయాలి. రాజ్యసభలో రాష్ట్రాలకు సమాన బరువు ఇవ్వచ్చు, లోక్‌సభలో వాటాలు తగ్గకుండా చూడచ్చు, దారులున్నాయి. ఆ పోట్లాటకు ధైర్యం చాలక పాత లెక్క వెనక దాక్కుంటే, ఆ నీడలో వేరేవాళ్లు నలుగుతారు. 2024లో మల్కాజిగిరి ఎంపీకి 37 లక్షల మందికి పైగా ఓటర్లు. లక్షద్వీప్ ఎంపీకి 60 వేలు కూడా లేరు. దీవికి ఒక సీటు ఇవ్వాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. కానీ మల్కాజిగిరి అంత ఉబ్బిపోవడానికి కారణం, రాష్ట్రం లోపలి సరిహద్దులు కూడా 2001 లెక్క దగ్గరే ఆగిపోవడం. ఉప్పల్‌లో, ఎల్బీనగర్‌లో ఆ తర్వాత కట్టిన ఇళ్లలోని మనుషులకు తలా ఒక చిన్న ముక్క ఓటే దక్కింది.

మారిషస్‌కూ ఇదే చెబుతాను, అడిగితే. వర్గం ఏమిటని ఫారంలో అడగండి. నాలుగు గడులిచ్చి కాదు, ఖాళీ ఇచ్చి. రెండు రాసుకునేవాడిని రెండు రాసుకోనివ్వండి, ఏదీ రాయననేవాడిని వదిలేయండి. ఆ లెక్కను ఉద్యోగాల్లో, చదువుల్లో, ఇళ్ల పంపిణీలో ఎవరు వెనకబడ్డారో చూడటానికి వాడండి. సీట్లకు మాత్రం ముడిపెట్టకండి. ప్రతిపక్షం మాయమవకుండా ఉండాలంటే పార్టీలకు వచ్చిన ఓట్ల వాటాను బట్టి అదనపు సీట్లు ఇవ్వచ్చు. ఎన్నికల సంస్కరణల కోసం వేసిన ఆల్బీ సాక్స్ కమిషన్ 2002లోనే 30 సీట్లతో అలాంటి దారి చూపించింది.

ఇదంతా మా సహోద్యోగికి రాసి పంపితే, ఆయన ఒప్పుకోలేదు. "మీది పెద్ద దేశం, లెక్కలో మనిషి కలిసిపోతాడు. మాది చిన్న దీవి. మా ఊళ్లో చైనా మూలాల కుటుంబాలు రెండే. ఫారంలో రాసినా గోడ మీద రాసినా ఒకటే," అన్నాడు. పైగా చైనావాళ్లు వలసలతో తగ్గుతున్నారు. 1972లో నూటికి ముగ్గురున్నారు కాబట్టి ఆ లెక్క వాళ్లకు ఇప్పటికీ ఒక సీటు తెచ్చిపెట్టగలదు. తాజా లెక్కతో ఆ ఆశ కూడా పోతుందేమో. ఈ మాట నిజం. దానికి నా జవాబు ఒక్కటే: అంత తగ్గినా వాళ్లకు సీటు ఉండాలనుకుంటే, 'సంఖ్యతో నిమిత్తం లేకుండా ఒకటి' అని చట్టంలో రాసి, పార్లమెంటులో సమర్థించుకోండి. ఆంగ్లో ఇండియన్లకు మనం 2020 దాకా అలాగే రెండు ఉంచాం.

"రాస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా?" అన్నాడాయన.

ఊరుకోకపోవచ్చు. కానీ ఇలాంటి సవరణకు పార్లమెంటులో నాలుగింట మూడు వంతుల మద్దతు కావాలి. 2018లో తెచ్చిన సంస్కరణ బిల్లు అది లేకనే ఆగిపోయింది. 2024 నవంబర్‌లో 60 సీట్లతో గెలిచినవాళ్లకు, గెలిచిన రోజున, అంతకు మించే ఉంది.